జోజప్ప మౌనం

క్రైస్తవ పునీతుల పండుగలను గురించి అభ్యుదయ సాహిత్య పత్రికలో చర్చించవలసిన అగత్యమేమున్నదని కొందరు మిత్రులు అడగవచ్చు. మతం సంగతి మతం వాళ్ళు చూసుకుంటారు, మనకు వేరే పనులు చాలా వున్నవి అని మరికొందరు అనవచ్చు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. అనుకుని వూరుకోలేదు, ఆ అభిప్రాయాన్ని ఒక మేడే సభలో గొంతెత్తి చెప్పినాను కూడా. ఆ ఉపన్యాసంలో సగం నిజం, సగం తొందరపాటు అని నాకు తెలియజెప్పినవాడు పండితుడు కాడు. బాయిలో ముప్పయ్యేళ్ళు దుంగలు నిలబెట్టిన ఒక ముసలి కార్మికుడు. ఆనాడు ఆయనకు నేను ఇవ్వలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

నేను కొత్తగూడెంలో బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. అక్కడ మే 1వ తేదీ ఉదయం జనం రెండు చోట్ల చేరటం ఏటా చూసినాను. ఒకటి బాయి గేటు దగ్గర. అక్కడ ఎర్రజెండా ఎగురుతుంది. 1886లో చికాగో నగరంలో ఎనిమిది గంటల పనిదినం కోసం ప్రాణాలర్పించిన కార్మికులను తలుచుకుంటారు. రెండవది గుడి దగ్గర. అక్కడ ఆరోజు జోజప్ప పండుగ. ‘కార్మికుడైన జోజప్ప’ అని ఆ పండుగకు పేరు. గురువులు దివ్యపూజ చేస్తారు, కష్టజీవుల కోసం ప్రార్థిస్తారు. ఇందులో నన్ను మొదట చికాకు పెట్టిన విషయమేమంటే, రెండు చోట్లా కనిపించే మనుషుల్లో కొందరు ఒక్కరే కావటం. గుడిలో మోకరించి లేచిన మనిషే గంట తర్వాత జెండా కింద పిడికిలి ఎత్తుతున్నాడు. ఈ మనిషిలో ఏది నిజం, ఏది అలవాటు? ఈ ప్రశ్నకు నా దగ్గర ఆనాడు సిద్ధంగా వున్న జవాబు చాలా సులువైనది. అది చెప్పబోయే ముందు పండుగల పుట్టుపూర్వోత్తరాలు కొంత చూడవలసి వున్నది.

1936లో తాపీ ధర్మారావుగారు దేవాలయాల మీది బూతుబొమ్మలను గురించి ఒక పుస్తకం రాస్తూ, ‘ఎందుకు?’ అనే ప్రశ్నను పుస్తకం పేరులోనే నిలబెట్టినారు. ఆచారాన్ని చూసి ముక్కు మూసుకోవటమూ కాదు, దండం పెట్టటమూ కాదు; అది ఏ అవసరంలోంచి పుట్టిందో అడగటం ఆయన పద్ధతి. ఆ పద్ధతిని మనం హిందూ దేవాలయాలకు వాడుకున్నాము గాని, చర్చి గోడ దగ్గర ఆగిపోయినాము. క్రైస్తవ సాహిత్యం మనకు లేక కాదు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ అనే ప్రబంధంలో క్రీస్తు కథను చెప్పినాడు. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వీటిని గురించి మనవాళ్ళు కొంత మాట్లాడినారు. కాని పేదలు నిజంగా చదివే క్రైస్తవ సాహిత్యం ఇది కాదు. వాళ్ళు చదివేవి తిరునాళ్ళలో అమ్మే పునీతుల జీవితాలు, నవదిన జపాల పుస్తకాలు, అట్టమీద రంగుబొమ్మ వేసిన పదహారు పేజీల ప్రతులు. వాటివైపు మన విమర్శ కన్నెత్తి చూడలేదు.

కథోలికులు ఇప్పుడు పునీతులు అంటున్నవాళ్ళను పాత ప్రార్థన పుస్తకాలు ‘అర్చ్యశిష్టులు’ అన్నవి. అర్చింపదగిన శిష్టులు అని అర్థం. పండితులు కూర్చిన మాట అది. జనం మాత్రం ఆ బరువైన మాటను పక్కన బెట్టి జోజప్ప, అన్నమ్మ, మరియమ్మ, అంతోని అని, ఇరుగు పొరుగు వాళ్ళను పిలిచినట్లు పిలుచుకున్నారు. పునీతుని పండుగ సాధారణంగా ఆయన పుట్టినరోజున రాదు. చనిపోయిన రోజున వస్తుంది. మరియమ్మకు సెప్టెంబరు 8న, స్నాపక యోహానుకు జూన్ 24న పుట్టినరోజు పండుగలు వున్నా, అవి మినహాయింపులు. చావును పరలోకంలో పుట్టుకగా లెక్కబెట్టటం ఆ పంచాంగంలోని కీలకం. తొలినాళ్ళలో ఆ పంచాంగం హతసాక్షుల పంచాంగం. రాజ్యం చేత చంపబడిన వాళ్ళ సమాధుల దగ్గర, చంపబడిన తేదీనాడు, బతికివున్నవాళ్ళు ఏటా గుమిగూడటం లోంచి పుట్టింది. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చివరకు మళ్ళీ దీని దగ్గరికే రావలసి వుంటుంది.

ఇక బొగ్గు సీమ విషయం. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనుక్కున్నాడు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరయిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు సంపాదించింది. 1889లో బొగ్గు తీయటం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. ఆ తర్వాత నిజాం సర్కారు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం దానికి యజమానులైనారు. బొగ్గు వెంట రైలు వచ్చింది, రైలు వెంట మతాలూ వచ్చినవి. సమీపంలోని డోర్నకల్లులో 1912లో వి. ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్పు అయినాడు. ఆ సంప్రదాయం పునీతుల మొక్కుబళ్ళను ఒప్పుకోదు. కథోలికులకు 1952లో వరంగల్లు, 1988లో ఖమ్మం మేత్రాసనాలు ఏర్పడ్డవి. అందుచేత బొగ్గు సీమలో రెండు క్రైస్తవాలు పక్కపక్కనే వున్నవి: ఒకదానికి పునీతులు లేరు, రెండవదానికి ఏడాది పొడుగునా వాళ్ళే.

ఈ భేదానికీ గనులకూ ఒక చిత్రమైన సంబంధం వున్నది. 1505 జులై 2న జర్మనీలో ఒక యువకుడు పిడుగుపాటుకు భయపడి, ‘నన్ను కాపాడితే సన్యాసినవుతాను’ అని అన్నమ్మకు మొక్కుకున్నాడు. ఆ యువకుడే మార్టిన్ లూథర్. అతని తండ్రి హాన్స్ రాగి గనుల వ్యాపారి. అన్నమ్మ ఆనాటి గని పనివాళ్ళ పునీతురాలు. భూమి కడుపులోంచి వెండి వచ్చినట్లు అన్నమ్మ కడుపున మరియమ్మ పుట్టిందని వాళ్ళ భావన. గని ఇంటి బిడ్డ కాబట్టి లూథర్ నోట ఆపదలో అన్నమ్మ పేరు వచ్చింది. ఆ మనిషే తరువాత పునీతుల మొక్కులను నిరాకరించినాడు. కొత్తగూడెంలో గోడకు పునీతుల బొమ్మలు లేని ఇళ్ళ చరిత్ర వెదుక్కుంటూ పోతే, చివరకు ఒక గని కార్మికుల పునీతురాలి దగ్గర తేలటం చరిత్రలోని చమత్కారం.

అన్నమ్మ తరువాత ఐరోపా గనుల్లో పేరు పొందిన పునీతురాలు బార్బరా. ఆమె పండుగ డిసెంబరు 4. కథ ఇది: ధనవంతుడైన తండ్రి కూతుర్ని బురుజులో బంధిస్తాడు. స్నానశాలకు రెండు కిటికీలు పెట్టమని పనివాళ్ళకు చెప్పి ప్రయాణం పోతాడు. కూతురు మూడు పెట్టిస్తుంది, త్రిత్వానికి గుర్తుగా. తండ్రి తిరిగి వచ్చి అడిగితే దాచదు, ఎదురు చెబుతుంది. చివరకు తండ్రే స్వయంగా ఆమె తల నరుకుతాడు. మరుక్షణం పిడుగుపడి చస్తాడు. పిడుగు కథ కనుక నిప్పుతో పనిచేసే వాళ్ళందరూ ఆమెను తమదాన్ని చేసుకున్నారు: ఫిరంగులు పేల్చేవాళ్ళు, 17వ శతాబ్దంలో గనుల్లోకి తుపాకిమందు వచ్చిన తరువాత రాయి పేల్చేవాళ్ళు. చెప్పకుండా వచ్చే చావుకు ఆమె అడ్డం అని నమ్మకం.

సాహిత్య విమర్శకుడిగా ఈ కథలో నేను చూసేది మూడవ కిటికీ. బంధింపబడిన మనిషి తాపీ పనివాళ్ళతో మాట్లాడి, యజమాని ఆజ్ఞను దాటి, గోడలో ఒక వెలుతురు ఎక్కువ తెప్పించుకున్నది. ఈ కథను గాలి ఆడని సొరంగాల్లో బతికిన జనం శతాబ్దాల తరబడి చెప్పుకున్నారంటే అందులో ఆశ్చర్యమేమున్నది? అయితే 1969లో రోము తన పండుగల పంచాంగాన్ని సవరించినప్పుడు, ఆమె చరిత్రకు ఆధారాలు చాలవని డిసెంబరు 4 పండుగను సాధారణ పంచాంగం నుండి తీసివేసింది. పూజించుకోవద్దని అనలేదు, పట్టికలో చోటు మాత్రం పోయింది. చారిత్రకంగా ఆ నిర్ణయం సబబే కావచ్చు. కాని బార్బరాను నిలబెట్టింది చరిత్ర కాదు, భయం. భయానికి కారణమైన పైకప్పు ఇంకా అట్లాగే వున్నది గదా!

కొత్తగూడెంలో నేను తిరిగిన ఇళ్ళలో బార్బరా బొమ్మ కనబడలేదు. ఆమె చేసే పని ఇక్కడ చేసేది మైసమ్మ. బాయి దగ్గర మైసమ్మకు దండం పెట్టి దిగటం సింగరేణి పొడుగునా వున్నదే. మైసమ్మను ఏ మఠమూ పంపలేదు, ఏ కంపెనీ నియమించలేదు. భయం వున్నచోట జనం తమకు తాము నిలబెట్టుకున్న తల్లి ఆమె. ఆపద దేవత ఎప్పుడూ స్థానికురాలే అని ఇందువల్ల తెలుస్తున్నది. పైనుంచి వచ్చే దేవతల పని వేరు. మన గనుల పేర్లు చూడండి. కొత్తగూడెంలో పద్మావతి ఖని, వెంకటేశ్ ఖని. ఇల్లందులో జవహర్ ఖని. మందమర్రి దిక్కున కల్యాణి ఖని, రవీంద్ర ఖని. దేవుళ్ళున్నారు, ప్రధానమంత్రి వున్నాడు, కవీ వున్నాడు. తట్ట ఎత్తిన ఫిల్లరు మాత్రం ఈ పేర్లలో లేడు. పేరు పెట్టే హక్కు ఎవరి చేతిలో వున్నదో గనుల పేర్లు చెబుతున్నవి. పండుగ పెట్టే హక్కు ఎవరి చేతిలో వున్నదో జోజప్ప చెబుతాడు.

ఇక్కడే నా మేడే ఉపన్యాసం మొదలవుతుంది. ఆ సభలో నేను చెప్పిన సంగతులు ఇవి. మేడేను 1889లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభ నిర్ణయించింది. మన దేశంలో 1923లో సింగారవేలు చెట్టియార్ మద్రాసులో తొలిసారి జరిపించినారు. జోజప్ప పండుగ అప్పటికి మార్చి 19న వుండేది. 1870లో తొమ్మిదవ భక్తినాథ పోపు ఆయన్ను శ్రీసభకంతటికీ పాలకునిగా ప్రకటించినాడు. మే 1తో ఆయనకేమీ సంబంధం లేదు. 1955 మే 1న పన్నెండవ భక్తినాథ పోపు రోములో ఇటలీ కథోలిక కార్మికుల సభలో ‘కార్మికుడైన జోజప్ప’ పండుగను ప్రకటించినాడు. అది ఇటలీలో కమ్యూనిస్టులు బలంగా వున్నకాలం. కార్మికులు తమకోసం సంపాదించుకున్న రోజు మీద గొడుగు పట్టటానికి ఒక పునీతుణ్ణి పంపినారు. ఎవర్ని పంపినారు? సువార్తలు నాలుగూ తిరగవేయండి, జోజప్ప నోట ఒక్క మాట కనబడదు. కలలో దేవదూత చెబుతాడు, ఆయన లేస్తాడు, చెప్పింది చేస్తాడు. పొమ్మంటే ఐగుప్తుకు పోతాడు, రమ్మంటే వస్తాడు. ఎదురు మాట్లాడిన బార్బరా పట్టికలోంచి పోయింది, నోరెత్తని జోజప్ప కార్మికులకు ఆదర్శమైనాడు. కార్మికుడు ఎట్లా వుండాలని పైవాళ్ళు కోరుకుంటారో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఈ మాటలతో ముగించినాను. చప్పట్లు బాగానే మోగినవి.

సభ అయిన నాలుగో రోజు సాయంత్రం ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చినాడు. గుడికి పోయేవాడే, యూనియన్‌లో చందా కట్టేవాడే. బాయిలో టింబర్‌మన్‌గా చేసి దిగిపోయినాడు. గిలాసెడు మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా అన్నాడు:

“సారూ, మొన్న మీరు జెప్పింది విన్న. జోజప్ప మాట్లాడలేదంటిరి. నిజమే. ఆయన ఏం పని జేసిండు?”

“వడ్రంగి.”

“కర్ర పని. నేను జేసింది గూడ కర్ర పనే. దుంగ నిలబెడ్తం, పైన కట్టె బిగిస్తం, దాని కింద మనుషులు పని జేస్తరు. దుంగ మాట్లాడతదా సారూ?”

నేను నవ్వి, మాట్లాడదన్నాను.

“మాట్లాడతది. మీకు దెల్వదు. రూఫ్ బరువు దిగేటప్పుడు కర్ర కిర్రుమంటది. చిటపటమంటది. అది మాట. ఆ మాట ఇన్నోడు బతికిండు, ఇననోడు పోయిండు. ఇనుప సపోర్టు అట్ల జెప్పదు. నిలబడ్డట్టే వుండి ఒక్కసారి పోతది. మా ఫాదర్ గారు ప్రసంగంల జోజప్ప వినయం, జోజప్ప విధేయత అంటడు. మీరు మీటింగుల జోజప్ప మూగోడు అంటరు. ఇద్దరు ఆయన నోరే జూసిన్రు. చేతులు ఎవరు జూసిన్రు?”

నేనేమీ అనలేకపోయినాను. ఆయన చెప్పిన దానిలో దైవభక్తి ఎంత వున్నదో నాకు తెలియదు గాని, సాహిత్య విమర్శ మాత్రం నాకంటే ఎక్కువగా వున్నది. ఒక కథలో పాత్ర మాట్లాడకపోతే ఆ మౌనానికి అర్థం కథ రాసినవాడు ఒక్కడే నిర్ణయించడు, వినేవాడూ నిర్ణయిస్తాడు. వినేవాడికి కర్రతో పరిచయం వుంటే ఆ మౌనం ఒకటి; లేకపోతే మరొకటి. నేను పోపుగారి ఉద్దేశాన్ని సరిగానే చదివినాను. కాని ఉద్దేశమే ఫలితం అనుకున్నాను. అక్కడే నా తొందరపాటు.

ఆయన పోయిన తరువాత తిరునాళ్ళలో కొన్న పునీతుల పుస్తకాలు నాలుగు ముందేసుకుని మళ్ళీ చదివినాను. ఈసారి ఒక్కటే వెదికినాను: పని ఎక్కడున్నది? జోజప్ప పుస్తకంలో రంపం, బాడిస అట్టమీద బొమ్మలో వున్నవి, లోపల లేవు. వడ్రంగి అనే మాట మొదటి పేజీలో కులం పేరులాగా ఒకసారి వచ్చి మాయమైంది. తరువాత అంతా వినయం, పరిశుద్ధత, మంచి మరణం. కర్ర ఎక్కడ దొరికింది, కూలి ఎంత ఇచ్చినారు, నజరేతులో పని లేనప్పుడు ఏం తిన్నారు, ఐగుప్తులో పరదేశిగా వున్నప్పుడు ఎవరు పని ఇచ్చినారు అన్న ఆలోచన రచయితకు రాలేదు. సువార్తలో లేదు గదా అని ఆయన అనవచ్చు. సువార్తలో లేని సద్గుణాలను పేజీలకు పేజీలు వర్ణించినప్పుడు ఆ అభ్యంతరం రాలేదే!

ఇది జోజప్ప ఒక్కడి సంగతి కాదు. గుణదల తిరునాళ్ళకు బొగ్గు సీమ నుండి జనం పోతారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఆ కొండ మీద ఇసుక వేస్తే రాలదు. 1924లో మిలాన్ మిషనరీ పి. అర్లాటి అక్కడ లూర్దుమాత స్వరూపం నెలకొల్పినాడు. లూర్దు కథ 1858 ఫిబ్రవరి 11న మొదలవుతుంది. ఆనాడు బెర్నదెత్త అనే పద్నాలుగేళ్ళ పిల్ల నది ఒడ్డున ఎందుకున్నది? పుల్లలు ఏరుకోవటానికి వచ్చింది. తండ్రి మిల్లు చితికిపోయి, ఇల్లు లేక, పాతబడ్డ ఖైదుగదిలో కుటుంబమంతా తలదాచుకుంటున్న రోజులవి. ఇంట్లో పొయ్యికి పుల్ల లేదు కాబట్టి ఆమె అక్కడున్నది. బొగ్గు లారీల వెనుక రాలిన పెళ్ళలు ఏరుకునే మన ఆడపిల్లలకు ఈ ఒక్క వాక్యం చెబితే చాలు, కథంతా వాళ్ళ ఇంటిముందు జరిగినట్లుంటుంది. కాని నా చేతిలోని పుస్తకంలో పుల్లలు అర వాక్యంలో అయిపోయినవి. దర్శనానికి ముందు గాలి వీచినట్లే పుల్లలూ ఏరినట్లున్నది. బెర్నదెత్తను 1933లో పునీతురాలిగా ప్రకటించినారు. పునీతురాలు అయింది గాని, పుల్లలు ఏరిన పిల్ల పుస్తకంలోంచి పోయింది.

కనుక ఈ పుస్తకాల మీద మన అభియోగం, అవి అద్భుతాలు చెబుతున్నవని కాకూడదు. అద్భుతాలు మన జానపద కథల్లోనూ వున్నవి, వాటిని మనం ప్రేమతోనే చదువుతున్నాము. కష్టజీవుల కథలోంచి కష్టాన్ని తీసివేసి, మిగిలిన పిప్పిని మళ్ళీ కష్టజీవులకే అమ్ముతున్నవన్నది మన అభియోగం కావాలి. జోజప్పను మూగవాణ్ణి చేసింది సువార్త కాదు, ఆయన చేతుల్లోంచి కర్ర లాగివేసిన ఈ చిన్న పుస్తకాలు.

ఇంత చెప్పినా కొందరు మిత్రులు తృప్తిపడరు. కార్మికుడు తన కష్టాన్ని పునీతునిలో చూసుకోవటమే మత్తు. ఆ మత్తు అతన్ని పోరాటం నుండి మళ్ళిస్తుంది అంటారు. మళ్ళించిన సందర్భాలు చరిత్రలో కొల్లలుగా వున్నవి. కాని మన వాదానికి అడ్డం తగిలే సంగతిని మనమే ముందు చెప్పుకోవటం నిజాయితీ. పోలండులో డిసెంబరు 4 బార్బరా పండుగ గని కార్మికుల పండుగ. అక్కడ సోషలిస్టు ప్రభుత్వం వచ్చినాక పునీతురాలి పేరు పక్కనబెట్టి, ఆ తేదీనే గని కార్మికుల దినంగా జరిపింది. అంటే రోము మేడేతో చేసిన పనినే, వార్సా బార్బరాతో చేసింది. ఒకరు కార్మికుల తేదీకి పునీతుణ్ణి తగిలించినారు, మరొకరు పునీతురాలి తేదీ వుంచుకుని ఆమెను తీసివేసినారు. జనం రెండింటినీ తమకు కావలసినట్లే వాడుకున్నారు. 1981 డిసెంబరు 13న అక్కడ సైనిక శాసనం విధించినారు. మూడు రోజులకు, డిసెంబరు 16న, కటోవిట్సె నగరంలోని వుయెక్ బొగ్గుగనిలో సమ్మె చేస్తున్న కార్మికుల మీద కాల్పులు జరిగినవి. తొమ్మిదిమంది గని కార్మికులు చనిపోయినారు. కార్మికుల పేరుతో నడిచిన ప్రభుత్వం కార్మికులను కాల్చింది. చనిపోయిన వాళ్ళ కోసం జనం అక్కడ సిలువ నాటినారు. ఆ సిలువను మత్తు అని కొట్టివేయగల ధైర్యం ఎవరికైనా వుంటే వుండవచ్చు; నాకు లేదు. బార్బరా పండుగ అయిన పన్నెండో రోజున ఆ కార్మికులు చేసిన పని విధేయత కాదు.

కాబట్టి పునీతుడు కార్మికుణ్ణి పోరాటం నుండి మళ్ళిస్తాడా, పోరాటంలో నిలబెడతాడా అన్నది ఆ పునీతుని బట్టి వుండదు. ఆ కథ ఎవరి చేతిలో వున్నది, ఎవరు చెబుతున్నారు, ఎవరు వింటున్నారు అన్నదాన్ని బట్టి వుంటుంది. ఆ కథను ప్రసంగ పీఠానికి వదిలివేసి, తరువాత కథనే నిందించటం విమర్శకుని పని కాదు.

ఇప్పుడు మొదట గుర్తుంచుకోమన్న సంగతి దగ్గరికి వస్తాను. చంపబడిన వాళ్ళ తేదీనాడు గుమిగూడటం క్రైస్తవులకే చెందినది కాదు. మనకూ ఒక పంచాంగం వున్నది. కొత్తగూడెంలో శేషగిరి భవన్ వున్నది. 1948లో ప్రాణాలు కోల్పోయిన బొగ్గుగని కార్మిక నాయకుని పేరు అది. వర్ధంతులున్నవి, స్తూపాలున్నవి, పూలదండలున్నవి, మౌనం పాటించే రెండు నిమిషాలున్నవి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మనుషులు తమవాళ్ళను గుర్తుపెట్టుకునే తీరు ఎక్కడైనా ఇదే. సిగ్గుపడవలసింది వేరే వున్నది. ఆ అమరుల మీద మనం అచ్చువేసిన వ్యాసాలు, గేయాలు తీసి, పునీతుల పుస్తకాలను అడిగిన ప్రశ్నే అడగండి: పని ఎక్కడున్నది? నేను అడిగి చూసినాను. త్యాగం వున్నది, సాహసం వున్నది, నెత్తురు వున్నది, తూర్పున ఉదయించే ఎర్రని సూర్యుడు తప్పకుండా వున్నాడు. ఆ మనిషి కార్మికులతో ఏ భాషలో మాట్లాడినాడు, ఏ షిఫ్టు దిగేవేళ గేటు దగ్గర నిలబడినాడు, మొదటి చందా రసీదు ఎట్లా రాసినాడు, భయపడిన వాళ్ళకు ఏమని చెప్పినాడు — ఇవి లేవు. వినయం స్థానంలో వీరత్వం పెట్టినాము. కర్ర మాత్రం మనం కూడా చేతిలోంచి లాగివేసినాము. మన జోజప్పలూ మూగవాళ్ళే అయినారు.

తేదీలున్నా కథలు లేని చావులు ఇంకా వున్నవి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు విరుచుకుపడి పదిహేడుమంది కార్మికులు మరణించినారు. వాళ్ళను ఏ రాజూ శిరచ్ఛేదం చేయలేదు, ఏ పోలీసూ కాల్చలేదు. అందుచేత వాళ్ళు గుడి పంచాంగానికీ హతసాక్షులు కారు, మన పంచాంగానికీ అమరులు కారు. పనిచేస్తూ పోయినవాళ్ళు. జూన్ 16 ఏ పండుగా కాదు. ఆ పదిహేడుమందిలో ఒక్కొక్కడూ ఆరోజు చేయవలసిన పని ఏమిటో, ఆ పని చేయటానికి ఎంత నేర్పు కావాలో, వాళ్ళ ఇంటివాళ్ళను అడిగి రాసిపెట్టగల రచయితలు ఈ బొగ్గు సీమలో పుట్టి పెరిగినవాళ్ళే వున్నారు. ఆ రాత ఏ మతాన్నీ ఖండించనక్కరలేదు, ఏ జెండానూ పొగడనక్కరలేదు.

జోజప్ప మేడే కూడా రోములో ఇప్పుడు పెద్దపండుగ కాదు. 1969 సవరణలో దాన్ని ఐచ్ఛిక స్మరణగా తగ్గించినారు. గురువులకు ఇష్టమైతే జరుపుకోవచ్చు, లేకపోతే మానవచ్చు. ఎవరి అవసరానికి ఆ పండుగను ఎత్తిపట్టినారో వాళ్ళకు ఆ అవసరం తగ్గినట్లున్నది. కొత్తగూడెంలో మాత్రం ఆ పండుగకు పోయేవాళ్ళు పోతూనే వున్నారు. గనుల్లో చాలాచోట్ల దుంగల స్థానంలో పైకప్పుకు ఇనుప బోల్టులు వచ్చినవి. బొగ్గులో ఎక్కువభాగం ఓపెన్‌కాస్టు గోతుల్లోంచే వస్తున్నది. దుంగ మాట తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. ఆ పెద్దాయన కూడా ఇప్పుడు లేడు.

ఆయన చనిపోయింది ఏ పునీతుని పండుగనాడో నేను చూడలేదు. మరుసటి మేడే సభలో నన్ను మళ్ళీ మాట్లాడమన్నారు. జోజప్ప ఊసు ఎత్తలేదు. దుంగ ఎట్లా నిలబెడతారో, బరువు దిగేటప్పుడు అది ఏమంటుందో చెప్పినాను. అది నాకు చెప్పినవాడు ఎవరో చెప్పినాను. ముందటేడు మోగినంత గట్టిగా చప్పట్లు మోగలేదు. కాని వెనక వరుసలో కూర్చున్న పాత కార్మికులు కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సభ ముగిసినాక నా దగ్గరికి వచ్చి, నేను చెప్పినదాంట్లో రెండు తప్పులు దిద్దినారు. నా జీవితంలో నాకు దొరికిన మంచి విమర్శ అదే.